షెరీఫ్‌గా ఎవరు మేలు: లోపలి మనిషా, బయటి పోలీసా, లాయరా?

అమెరికాలో ఓటుహక్కు వచ్చిన తెలుగువాళ్లు చాలామంది బ్యాలెట్‌లో పైనున్న రెండు మూడు పేర్లు శ్రద్ధగా చూసి, కింద షెరీఫ్ (జిల్లాలాంటి కౌంటీకి జైలు, చాలాచోట్ల పోలీసు పనీ చూసే ఎన్నికైన అధికారి) దగ్గరికి వచ్చేసరికి తెలిసిన పేరుకో, పార్టీకో టిక్కు పెట్టేస్తారు. మన జిల్లా ఎస్పీ పనితీరు నచ్చకపోతే ప్రభుత్వం రాత్రికి రాత్రి బదిలీ చేసేస్తుంది. షెరీఫ్‌ను అలా కదపడం కుదరదు. జనం ఎన్నుకున్న మనిషి కాబట్టి చాలాచోట్ల నాలుగేళ్లపాటు అతనే దిక్కు. అందుకే ఆ కుర్చీ ఎక్కకముందు ఏం చేశాడో చూసుకోవాలి.

ముందుగా లోపల్నుంచి ఎదిగినవాళ్ల సంగతి. దీనికి లాస్ ఏంజెలెస్ కౌంటీని మించిన ఉదాహరణ లేదు. దాదాపు కోటి జనాభా ఉన్న ఆ కౌంటీ షెరీఫ్ శాఖ దేశంలోకెల్లా పెద్దది. అక్కడ కొత్త డిప్యూటీకి, అంటే షెరీఫ్ కింద పనిచేసే పోలీసుకి, మామూలుగా మొదట పడేది జైలు డ్యూటీ. వీధిలో ప్యాట్రోల్‌కి రావాలంటే కొన్నేళ్లు ఆగాలి. లీ బాకా 1965లో చేరి, మెట్టు మెట్టూ ఎక్కి 1998లో షెరీఫ్ అయ్యారు. జైలు గురించి ఆయనకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. అయినా ఆయన హయాంలోనే ఖైదీలను డిప్యూటీలు కొడుతున్నారన్న ఆరోపణలు గుట్టలుగా పేరుకున్నాయి. 2011లో ఎఫ్‌బీఐ తన రహస్య విచారణలో భాగంగా, లంచం తీసుకునే ఒక డిప్యూటీ చేత జైల్లో ఉన్న తన ఇన్ఫార్మర్‌కి సెల్‌ఫోన్ చేర్పించింది. ఆ ఫోన్ బయటపడగానే షెరీఫ్ శాఖ ఏం చేసిందంటే, ఆ ఖైదీ పేరు మార్చి, అటూ ఇటూ తిప్పుతూ, ఎఫ్‌బీఐకి కనబడకుండా దాచింది. విచారణ చేస్తున్న మహిళా ఏజెంట్ ఇంటి దగ్గర కాపుకాసి అరెస్టు చేస్తామని బెదిరించింది. చివరికి అండర్‌షెరీఫ్ (షెరీఫ్ తర్వాతి స్థానం) పాల్ టనాకాకు ఐదేళ్లు, బాకాకు మూడేళ్లు జైలుశిక్ష పడింది.

లోపలి మనిషికి అన్నీ తెలుసన్నది నిజమే. తెలిసినవన్నీ తనవాళ్లు చేసినవే కావడం దగ్గరే చిక్కంతా.

బాకా తర్వాత 2014లో ఓటర్లు బయటి పోలీసును తెచ్చుకున్నారు. జిమ్ మెక్‌డోనెల్ లాస్ ఏంజెలెస్ నగర పోలీసులో 29 ఏళ్లు చేసి, లాంగ్ బీచ్ పోలీస్ చీఫ్‌గా ఉండి వచ్చారు. తప్పులు చేసిన చరిత్ర ఉన్న సుమారు 300 మంది డిప్యూటీల పేర్లు ప్రాసిక్యూటర్లకు ఇస్తానన్నారు. డిప్యూటీల యూనియన్ కోర్టుకెక్కి అడ్డుపడింది. 2018లో అదే యూనియన్ మద్దతుతో, ఆ శాఖలోనే లెఫ్టినెంట్‌గా రిటైరైన అలెక్స్ విల్లనువేవా ఆయన్ను ఓడించారు. పదవిలో ఉన్న షెరీఫ్ అక్కడ ఓడిపోవడం వందేళ్లకు పైగా జరగలేదు. కొత్త షెరీఫ్ వస్తూనే, గృహహింస ఆరోపణల మీద ఉద్యోగం పోయిన ఒక డిప్యూటీని వెనక్కి తీసుకున్నారు. దాన్ని రద్దు చేయించడానికి కౌంటీ బోర్డు కోర్టుకు పోవాల్సి వచ్చింది. 2022లో ఆయనా ఓడిపోయి, మళ్లీ లాంగ్ బీచ్ పోలీస్ చీఫే, ఈసారి రాబర్ట్ లూనా, గెలిచారు.

అంటే బయటివాడికి సంస్కరించాలన్న కోరిక ఉంటుంది గానీ కింద పట్టు ఉండదు. ఇంకో లోటు కూడా ఉంది. నగర పోలీస్ చీఫ్‌కు లాకప్ తెలుసు. వేలమంది నెలల తరబడి ఉండే జైలును నడపడం వేరే విద్య. వైద్యం, తిండి, మందులు, కోర్టు వాయిదాలు, ఆత్మహత్యలు జరగకుండా కాపలా, అన్నీ చూసుకోవాలి.

ఇక లాయర్లు, రాజకీయ నాయకులు. చికాగో ఉన్న కుక్ కౌంటీలో టామ్ డార్ట్ ప్రాసిక్యూటర్‌గా, రాష్ట్ర శాసనసభ్యుడిగా చేసి 2006లో షెరీఫ్‌గా గెలిచారు. 2008లో బ్యాంకులు జప్తు చేసిన ఇళ్లు ఖాళీ చేయించడానికి వెళ్తున్న ఆయన డిప్యూటీలకు తలుపు తీసినవాళ్లలో, అద్దె సక్రమంగా కడుతున్న జనం ఉన్నారు. ఓనరు బ్యాంకుకు బాకీపడ్డాడని వాళ్లకు తెలియనే తెలియదు. డార్ట్ కొన్నాళ్లు ఖాళీ చేయించడమే ఆపేశారు. 2015లో జైలు బాధ్యత నేకా జోన్స్ టాపియా అనే సైకాలజిస్టుకు అప్పగించారు. యూనిఫాంలో పెరిగిన మనిషికి ఈ ఆలోచనలు అంత సులువుగా రావని నా అభిప్రాయం. అయితే ఈ దారి అన్నిచోట్లా లేదు. పోలీసు అర్హత లేనివాళ్లను కాలిఫోర్నియా చట్టం ఇప్పుడు పోటీకే రానివ్వదు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే వర్జీనియాలో పోలిక ఇంకా బాగా తెలుస్తుంది. యాష్‌బర్న్ ఉన్న లౌడన్ కౌంటీలో ప్యాట్రోల్, దర్యాప్తు, జైలు అన్నీ షెరీఫ్‌వే. అక్కడ మైక్ చాప్‌మన్ మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏలో పనిచేసి వచ్చారు. పక్కనే ఉన్న ఫెయిర్‌ఫాక్స్‌లో పోలీసు శాఖ వేరు, దాని చీఫ్‌ను కౌంటీయే నియమిస్తుంది. షెరీఫ్‌కు మిగిలేది జైలు, కోర్టు భద్రత, కోర్టు నోటీసులు అందించడం. అక్కడ స్టేసీ కిన్‌కెయిడ్ 1987 నుంచి అదే ఆఫీసులో ఎదిగారు. 2015లో మానసిక వ్యాధి ఉన్న ఒక మహిళ ఆ జైల్లో టేజర్ (కరెంటు షాకిచ్చే ఆయుధం) షాకుల తర్వాత చనిపోయింది. ఆ తర్వాత జైల్లో టేజర్లు ఆపించారు, అలాంటివాళ్లను జైలుకు బదులు చికిత్సకు పంపే ఏర్పాటూ వచ్చింది. ఆ పనులు ఒక ప్రాణం పోయాకే జరిగాయన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

నన్నడిగితే, ఫెయిర్‌ఫాక్స్ లాంటి చోట జైలు తెలిసిన లోపలి మనిషికే ఓటేస్తాను, వివాదాల చరిత్ర లేనంతవరకు. లౌడన్ లాంటి చోట దర్యాప్తు తెలిసినవాళ్లు పనికొస్తారు, కానీ జైలు ఎవరి చేతిలో పెడతారో ముందే అడుగుతాను. లాస్ ఏంజెలెస్ లాగా కుళ్లిపోయిన శాఖైతే బయటివాళ్లే రావాలి. అదీ ఒంటరిగా కాదు. లూనా అండర్‌షెరీఫ్‌గా 1994 నుంచి ఆ శాఖలోనే ఉన్న ఏప్రిల్ టార్డీని పెట్టుకున్నారు. రాజ్యాంగబద్ధంగా పోలీసింగ్ జరిగేలా చూసే విభాగానికి ఐలీన్ డెకర్‌ను తెచ్చారు. టనాకాను దోషిగా తేల్చినప్పుడు ఆ ప్రాంత ఫెడరల్ ప్రాసిక్యూటర్లకు అధిపతి ఆవిడే.