హెచ్‌ఐవీకి తోడు మలేరియానా, కాలా అజారా: ఏది ఎక్కువ చిక్కు?

కాలా అజార్ అంటే ఇసుక ఈగ కాటుతో సోకే జబ్బు. హెచ్‌ఐవీకి మలేరియా తోడైనా, ఇది తోడైనా ఒకే ఒంట్లో ఓ వైరస్, ఓ పరాన్నజీవి ఉంటాయి. కానీ ఈ జోడీల తీరు ఒకటి కాదు.

మలేరియా వస్తే రోగనిరోధక కణాలు ఉలిక్కిపడి పనిలోకి దిగుతాయి. హెచ్‌ఐవీ పెరిగేది అలాంటి కణాల్లోనే కాబట్టి రక్తంలో వైరస్ కొంత పెరుగుతుంది. మలేరియా నయమయ్యాక కొన్ని వారాలకు మళ్లీ తగ్గుతుంది. గర్భిణుల విషయం మాత్రం వేరు. మామూలుగా కాన్పు కాన్పుకూ మలేరియాను తట్టుకునే శక్తి పెరుగుతుంది. హెచ్‌ఐవీ ఉంటే ఆ రక్షణ సన్నగిల్లుతుంది.

కాలా అజార్ అలా వచ్చిపోయే చుట్టం కాదు. దాన్ని కలిగించే లీష్మానియా అనే పరాన్నజీవి, సూక్ష్మజీవులను మింగేసే మాక్రోఫేజ్‌లనే కణాల్లో కాపురం పెడుతుంది. హెచ్‌ఐవీ కూడా ఆ కణాల్లోకి చొరబడగలదు. లీష్మానియాను అదుపులో ఉంచడానికి రోగనిరోధక వ్యవస్థను నడిపించే సీడీ4 కణాలు కావాలి, హెచ్‌ఐవీ నాశనం చేసేదీ వాటినే. ఇటు లీష్మానియా కూడా వైరస్ పెరగడానికి సాయపడుతుంది. అందుకే మందు వాడినా జబ్బు తిరగబెడుతుంది, ముఖ్యంగా సీడీ4 సంఖ్య (ఒక మైక్రోలీటరు రక్తంలో) 200 కంటే తక్కువ ఉన్నవాళ్లలో. హెచ్‌ఐవీ మందులు వాడుతున్నా ఆ టెన్షన్ పూర్తిగా పోదు. పైగా యాంటీబాడీలను వెతికే పరీక్ష ఒక్కోసారి జబ్బును పట్టుకోలేదు. అప్పుడు ఎముక మజ్జ తీసి చూడాల్సి వస్తుంది.

నన్నడిగితే కాలా అజార్ జోడీయే మొండిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో తూర్పు ఆఫ్రికా, ఆగ్నేయాసియాల్లోని ఈ రోగులకు ఒక్క మందు కాకుండా లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి, మిల్టెఫోసిన్ అనే రెండు మందులు కలిపి ఇవ్వాలని సూచించింది.