కుక్కపిల్లకు ఇన్సూరెన్స్: ఏడాది పాలసీనా, ‘లైఫ్‌టైమ్’ కవరా, పోస్టాఫీసు ఆర్‌డీనా?

ఇంటి ముందు అరుగు మీద కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చాలు, దారిన పోయేవాళ్లు ఆగి రెండు మాటలు అడుగుతారు. మొదటిది పేరు. చింటూ అని చెప్తాను. రెండోది, "ఇన్సూరెన్స్ చేయించినవా అన్నా? ఏది మంచిగుంటది?" మహబూబ్‌నగర్‌లో పదేళ్ల కింద కుక్కకు బీమా అంటే వింతగా చూసేవాళ్లు. ఇప్పుడు మా మెట్టుగడ్డలో గల్లీ గల్లీకి లాబ్రడార్లు వచ్చాయి, వాటి వెంట దవాఖాన ఖర్చులూ వచ్చాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు, నేను ఏది ఎంచుకున్నానో, ఎందుకు ఎంచుకున్నానో ఒకచోట రాస్తున్నాను.

ముందు మా పాత కుక్క రాజు సంగతి చెప్పాలి. చింటూ విషయంలో నేను తీసుకున్న నిర్ణయమంతా వాడి దగ్గర నేర్చుకున్నదే.

రాజుకు రెండో ఏట చర్మం అలర్జీ మొదలైంది. వానాకాలం వచ్చిందంటే కాళ్ల వేళ్ల సందులు నాకి నాకి ఎర్రగా చేసుకునేవాడు. చెవుల్లోంచి పులిసిన వాసన వచ్చేది. మందు వాడినన్నాళ్లు తగ్గడం, ఆపగానే మళ్లీ రావడం. వాడి ఐదో ఏట ఎవరో చెబితే ఒక పాలసీ తీసుకున్నాను. ఆరు నెలలు గడిచాక, తల విదిలించీ విదిలించీ ఒక చెవి డొప్పలో రక్తం చేరి బన్నులా ఉబ్బింది. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దవాఖానకు తీసుకెళ్తే చిన్న ఆపరేషన్ చేసి నయం చేశారు. క్లెయిమ్ పెట్టాను. రాలేదు. మూడేళ్ల నాటి చికిత్స పుస్తకంలో ఒక డాక్టరు "దురద, రెండు చెవులు" అని రాసిన పేజీని కంపెనీ చూపించింది. చెవిలో రక్తం గడ్డ కొత్తదే కావచ్చు, కానీ దానికి కారణమైన దురద పాతది, కాబట్టి ఇది పాలసీకి ముందునుంచీ ఉన్న జబ్బు అన్నారు. షరతుల కాగితంలో ఆ మాట నిజంగానే ఉంది. పాలసీ అమ్మిన రోజు మాత్రం ఆ పుస్తకం చూపించమని నన్ను ఎవరూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే నా దృష్టిలో ప్రీమియం ఎంత, ఎంతవరకు ఇస్తారు అన్నవి రెండో వరుస ప్రశ్నలు. అసలు ప్రశ్న వేరే: ఈ ఏడు మొదలైన జబ్బు వచ్చే ఏడూ ఉంటే ఎవరు కడతారు? కుక్కల జబ్బుల్లో జేబు ఖాళీ చేసేవి ఒక్కరోజులో పోయేవి కావు. చర్మం అలర్జీ, తుంటి కీలు అరుగుదల, మూర్ఛ, షుగర్, కిడ్నీ, ఇవన్నీ ఒకసారి వస్తే కుక్కతోనే ఉంటాయి. లాబ్రడార్‌కు, జర్మన్ షెపర్డ్‌కు తుంటి సమస్య జాతిలోనే ఉంది.

‘లైఫ్‌టైమ్’ అనే మాట మనకు ఎక్కువగా బయటి దేశాల నుంచే వచ్చింది. మా చెల్లె ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటుంది. పోయినేడు కుక్కపిల్లను తెచ్చుకున్నప్పుడు ఫోన్ చేసింది. "అన్నా, ఇక్కడ లైఫ్‌టైమ్ అంటున్రు, పన్నెండు నెలలది అంటున్రు, ధరలో శానా తేడా ఉంది, ఏది తీస్కోమంటవ్?" ఇద్దరం కూర్చుని ఆ కాగితాలన్నీ చదివాం. అక్కడ పన్నెండు నెలల పాలసీ అంటే, జబ్బు బయటపడిన నాటినుంచి ఏడాది వరకే దానికి డబ్బు ఇస్తారు. ఆ తర్వాత ఆ జబ్బుకు తలుపు మూసేస్తారు. ఇంకో రకంలో ఒక్కో జబ్బుకు ఇంత అని మొత్తం ఉంటుంది, ఎన్నేళ్లైనా వాడుకోవచ్చు, అయిపోతే అంతే. లైఫ్‌టైమ్‌లో మాత్రం పరిమితి ప్రతి ఏడూ మళ్లీ నిండుతుంది. మా చెల్లె తీసుకున్న పాలసీలో ఏడాదికి 4,000 పౌండ్లు. ఈ ఏడు అలర్జీకి 1,500 ఖర్చయినా, రెన్యువల్ రోజున మళ్లీ 4,000 సిద్ధం, అదే అలర్జీకి కూడా.

అయితే అది కుక్క బతికినన్నాళ్లు ఒకే ధర అని కాదు. కుక్క వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. ముసలి కుక్కకైతే చాలా కంపెనీలు బిల్లులో కొంత శాతం మనల్నే కట్టమంటాయి. ఒక్క ఏడు కట్టడం తప్పినా లెక్క మొదటికి వస్తుంది. ధర ఎక్కువైందని వేరే కంపెనీకి మారితే, ఉన్న జబ్బులన్నీ అక్కడ ‘పాత జబ్బులు’ అయిపోతాయి. ఇవన్నీ తెలిసే చెల్లెకు లైఫ్‌టైమే తీస్కోమన్నాను. అక్కడ వైద్యం ధరలకు అది లేకుండా ధైర్యంగా ఉండడం కష్టం.

మన దగ్గరికి వద్దాం. ఇక్కడ కుక్కల పాలసీలు ప్రభుత్వ కంపెనీలవీ ఉన్నాయి, ప్రైవేటువీ ఉన్నాయి. చాలావరకు ఏడాది పాలసీలే. ఏజెంటు "లైఫ్‌టైమ్ సార్" అన్నా, అది ఇంగ్లండ్ లైఫ్‌టైమ్ అనుకోవద్దు. మనలో చాలామంది పొరబడే చోటు ఇంకొకటి ఉంది. మనుషుల హెల్త్ పాలసీని జీవితాంతం రెన్యువల్ చేయాలని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. పాత జబ్బులకు కూడా క్లెయిమ్‌ను 36 నెలలకు మించి ఆపకూడదని 2024లో మార్చారు. మన మెదడులో ఆ లెక్క ఉంటుంది కాబట్టి కుక్క పాలసీ కూడా అట్లాగే అనుకుంటాం. కుక్కకు ఆ రక్షణ లేదు. పాలసీ కాగితంలో ఏం రాసి ఉంటే అదే.

పైగా వయసు హద్దు ఉంది. సాధారణంగా ఎనిమిది, పదేళ్ల దగ్గర పాలసీ ఆగిపోతుంది, గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ లాంటి భారీ జాతులకు ఇంకా ముందే. అంటే కిడ్నీ, గుండె, గడ్డలు, ఈ ఖర్చులన్నీ వచ్చే వయసులో మన చేతిలో కాగితం ఉండదు.

అందుకే చింటూ విషయంలో నేను ఫోన్ మాటలు నమ్మలేదు. కంపెనీకి మెయిల్‌లో ఒక్క ప్రశ్న రాశాను: "పాలసీ మొదటి ఏడాదిలో అలర్జీ బయటపడి, గ్యాప్ లేకుండా రెన్యువల్ చేస్తే, రెండో ఏడాది అదే అలర్జీకి డబ్బు ఇస్తారా?" రెండు కంపెనీలకు పంపాను. ఒకరు ‘షరతులకు లోబడి’ అని దాటేశారు. ఇంకొకరు గ్యాప్ లేకపోతే ఇస్తామని రాతపూర్వకంగా చెప్పారు. ప్రీమియం కొంచెం ఎక్కువైనా రెండోదే ఎంచుకున్నాను. ఆ మెయిల్ ప్రింటు తీసి వ్యాక్సిన్ కార్డుతో కలిపి పెట్టాను.

ఇక పోస్టాఫీసు ఆర్‌డీ, అంటే నెలనెలా ఇంత అని కట్టి దాచుకునే రికరింగ్ డిపాజిట్. "కంపెనీకి కట్టేది మనమే దాచుకుంటే పాయె గదా" అనే వాళ్లది తీసిపారేసే మాట కాదు. నెలకు వెయ్యి చొప్పున ఐదేళ్లు కడితే 6.7 శాతం వడ్డీతో 71 వేల పైన చేతికి వస్తాయి. కుక్క జబ్బు పడకపోతే ఆ డబ్బు మనదే. జబ్బు పాతదా కొత్తదా అని ఎవరూ అడగరు. కానీ ఐదో నెలలో కాలు విరిగితే ఖాతాలో ఉండేది ఐదు వేలే, దానిమీద లోను కావాలన్నా పన్నెండు కిస్తులు నిండాలి. ఇంకో సంగతి. ఆర్‌డీ ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. ఒంట్లో ఏ జబ్బూ లేని కుక్క పేరున పాలసీ తీసుకునే అవకాశం మాత్రం పిల్లగా ఉన్నప్పుడే. రాజు విషయంలో నేను పోగొట్టుకున్నది అదే.

యాక్సిడెంటుకు, చావుకు మాత్రమే ఇచ్చే చవక పాలసీ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కుక్క పోయాక వచ్చే డబ్బు దాన్ని బతికించదు. మన ఎండలకు గోమార్లు ఎక్కువ, టిక్ ఫీవర్ వస్తే రక్త పరీక్షలు, ప్లేట్‌లెట్ల లెక్క, నాలుగు వారాల డాక్సీసైక్లిన్ యాంటీబయోటిక్. ఈ చవక పాలసీ వాటికి పైసా ఇవ్వదు. రెండు మూడేళ్లకు ఒకేసారి కట్టించుకునే పాలసీలో రెన్యువల్ తేదీ మర్చిపోయే భయం ఉండదు, అంతవరకు మంచిదే.

ఏ పాలసీ తీసుకున్నా కాపాడని కాలం ఒకటుంది. పిల్ల ఇంటికి వచ్చేది నలభై ఐదు రోజులకు. పాలసీ ఇచ్చేది రెండు మూడు నెలలు నిండాక, కొన్నింటిలో ఇంకా ఆలస్యం. ఆపైన వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ చేతికొచ్చినా క్లెయిమ్ ఇవ్వని మొదటి రోజులు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ పట్టేది సరిగ్గా ఈ మధ్యలోనే. ఆరు వారాల నుంచి పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకొకసారి పడే టీకాలే ఆ రోజుల్లో ఇన్సూరెన్స్. అందుకే చింటూ ఇంకా అరుగు దిగలేదు. చివరి టీకా వచ్చే వారం ఉంది.

టీకా వేయించిన ప్రతిసారీ సీసా మీది స్టిక్కరు కార్డులో అంటించారా, డాక్టరు సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అక్కడే చూసుకోండి. ఇంటికొచ్చి సూది వేసిపోయే కాంపౌండర్ చేయి మంచిదే కావచ్చు, అతని చీటీ మీద క్లెయిమ్ రాదు. మైక్రోచిప్ కూడా వేయించండి. బర్రెలున్న ఇళ్లలో ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చెవికి పన్నెండంకెల పసుపు ట్యాగ్ లేకపోతే చనిపోయిన బర్రె మనదేనని రుజువు చేయడం ఎంత కష్టమో అక్కడ అందరికీ తెలుసు. కుక్కకు పదిహేనంకెల చిప్ అలాంటిదే. మెడ చర్మం కింద ఉంటుంది కాబట్టి ఊడిపోదు.

నాటు పిల్లను తెచ్చుకున్నవాళ్లు కూడా అడుగుతున్నారు. వాటికీ పాలసీలు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. అయినా పుట్టుకతో వచ్చే జబ్బులు వాటిలో తక్కువ కాబట్టి, అక్కడ నేనైతే టీకాలు సమయానికి వేయించి ఆర్‌డీతో సరిపెట్టుకుంటాను.

చింటూకు మాత్రం రెండూ. జబ్బులకు, ఆపరేషన్లకు ఇచ్చే ఏడాది పాలసీ ఒకటి, గ్యాప్ రాకుండా ఫోన్‌లో నెల ముందే అలారం పెట్టుకున్నాను. దానికి తోడు నెలకు వెయ్యి ఆర్‌డీ. దాన్ని ఐదేళ్ల తర్వాత ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. పోస్టాఫీసు ఫారంలో దేనికోసం అని అడిగే గడి లేదు, అందుకే పాస్‌బుక్ అట్ట మీద నేనే పెన్నుతో ‘చింటూ ముసలితనానికి’ అని రాశాను. అది పూర్తయ్యే నాటికి వాడికి పదేళ్లు దాటుతాయి. పాలసీ వాళ్లు ఇక కుదరదనేది ఆ వయసులోనే.