పగిలిన మట్టి కుండీకి ఎపాక్సీనా, సిమెంటా?

ఖర్చు: ఇంటి పనుల్లో మిగిలిన గుప్పెడు సిమెంటు చాలు. ఎపాక్సీ ముద్ద (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) కొనాలి.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. ఎపాక్సీ పట్టాలంటే అంచులు పూర్తిగా ఎండాలి. అతికించాక ఒక రోజు కదపకూడదు. సిమెంటు దీనికి పూర్తిగా విరుద్ధం. కాల్చిన మట్టి నీటిని పీల్చేస్తుంది కాబట్టి అంచులను ముందే నానబెట్టాలి, ఆపై వారం రోజులు తడుపుతూ ఉండాలి. ఈ తడి చాలకే ఎన్నో అతుకులు ఊడిపోతాయి. ఎంత బాధగా ఉంటుందో!

నష్టభయం: ఎపాక్సీ ఎండకు పసుపెక్కి పెళుసవుతుంది; పైన రంగు వేయండి. కొత్త సిమెంటులోని క్షారం వేళ్లకు చేటు. నాటే ముందు కుండీని నానబెట్టి ఆ నీరు పారబోయండి.

రెండు మూడు ముక్కలు చక్కగా కలుస్తుంటే ఎపాక్సీ. ముక్క దొరకకపోయినా, పెద్ద తొట్టి పగిలినా సిమెంటు. తొట్టి చుట్టూ ఇనుప తీగ కూడా బిగించండి.