‘100 వాట్స్’ స్టిక్కరు చూసి ఫోకస్ లైట్లు కొనకండి: మా చెరువు గట్టు మీద జరిగింది ఇది

రొయ్యల చెరువులున్న వాళ్ళు, ఈ పంటకి కొత్తగా లీజుకి తీసుకున్న వాళ్ళు ఇది ఓపిగ్గా చదవండి. ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. గట్టు మీద ఇనప పైపుకి బిగించిన ఎల్ఈడీ ఫోకస్ లైటుకి రెండే వైర్లు వస్తుంటే, అంటే ఎర్తు వైరు లేకపోతే, ఈ రోజే మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. మా దగ్గర ఒక కుర్రాడి ప్రాణం మీదకొచ్చింది.

మొగల్తూరు వైపు మాకు రెండు రొయ్యల చెరువులు. రాత్రి కాపలాకి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో దూరం నుంచే కనబడటానికి, మేత తిన్నాయో లేదో, రొయ్యలు ఎలా ఉన్నాయో చూసుకునే చెక్ ట్రే ఎత్తి చూడటానికి వెలుతురు కావాలి. జూన్‌లో భీమవరంలో ఒక షాపులో ఆరు లైట్లు తీసుకున్నాను, ఒక్కోటి 650. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 100 వాట్స్, దాని కింద 6500 కె, ఐపీ 66, 50,000 గంటలు. ఇన్ని అంకెలు చూసి మంచి సరుకే అనుకున్నాను. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద రాసిచ్చారు. అదీ నా తప్పే.

మొదటి రాత్రే ఏదో తేడాగా అనిపించింది. లైటు వైపు చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, కింద గట్టు మీద మాత్రం బోదె (చిన్న కాలవ) ఎక్కడుందో తెలియట్లేదు. ఒక లైటు ఇంటికి తెచ్చి, మిగతా స్విచ్చులన్నీ ఆపి మీటరు ముందు కూర్చున్నాను. మా మీటరు మీద ఒక యూనిట్‌కి 3200 పల్సులు అని ఉంది. అంటే ఎర్ర లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. నిజంగా 100 వాట్స్ అయితే పది మెరుపులకి 1 నిమిషం 52 సెకన్లు పట్టాలి. మా లైటుకి 4 నిమిషాల 28 సెకన్లు పట్టింది. లెక్క కడితే 42 వాట్స్. ఈ పరీక్షకి ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే దాన్ని బట్టి లెక్క మారుతుంది.

షాపుకి వెళ్ళి అడిగితే ఆయన, “ఆయ్, వంద వాట్స్ కరెంటు కాదండీ, పాత బల్బుల్లో వంద వాట్స్ వెలుగొస్తాదని అర్థమండీ” అన్నారు. ఈ మాట మీకూ చెప్తారు. అదే నిజమనుకున్నా మనకి ఇంకా నష్టమే. పాత 100 వాట్స్ ఫిలమెంట్ బల్బు ఇచ్చేది సుమారు 1,300 ల్యూమెన్లు. అంత వెలుగు ఇంట్లో పెట్టుకునే 13, 14 వాట్స్ ఎల్ఈడీ బల్బే ఇస్తుంది. దానికి ఇంత డబ్బా ఎందుకు?

వాట్ అనేది ఎంత కరెంటు తాగుతుందో చెప్పే కొలత. బయటికొచ్చే వెలుగుకి కొలత ల్యూమెన్. కాస్త మంచి ఎల్ఈడీ అయితే వాట్‌కి 100 ల్యూమెన్ల దాకా వస్తుంది, కాబట్టి నిజమైన 100 వాట్స్ లైటు మీద 10,000 ల్యూమెన్లకి అటూ ఇటూగా రాసి ఉండాలి. మా డబ్బా మీద ల్యూమెన్ అనే మాటే లేదు. ఆ వెలుగు నేల మీద పరుచుకున్నాక చదరపు మీటరుకి ఎన్ని ల్యూమెన్లు పడుతున్నాయో దాన్ని లక్స్ అంటారు. 10,000 ల్యూమెన్లూ 40 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున్న గట్టు మీదే పడ్డాయనుకున్నా 50 లక్స్ మించదు. అందులో సగం కూడా రాని లైటుతో బోదె కనబడలేదంటే ఆశ్చర్యమేముంది?

6500 కె అంటే ఎక్కువ వెలుగు అని షాపులో చెప్పారు. కాదు. కె అంటే కెల్విన్, అది వెలుగు రంగుని చెప్పే అంకె. 2700, 3000 దగ్గర పసుపు, 4000 దగ్గర తెలుపు, 6500కి నీలం కలిసిన తెలుపు. చెరువు మీద ఆ నీలం తెలుపుకి పురుగు కూడా ఎక్కువ ముసురుతుంది.

మాలాంటి వాళ్ళకి పనికొచ్చే ఇంకో అంకె సీఆర్ఐ. వస్తువు అసలు రంగు ఆ వెలుగులో ఎంత నిజంగా కనబడుతుందో చెప్తుంది, గరిష్ఠం 100. తెల్ల ఎల్ఈడీలో నిజానికి ఉండేది నీలం చిప్పు, దాని మీద పసుపు పూత. పూత నాసిరకంగా ఉంటే ఎరుపు సరిగ్గా కనబడదు. ఒక రాత్రి చెక్ ట్రే ఎత్తి, రొయ్యని అరచేతిలో పెట్టుకుని ఈ లైటు కింద చూశాను. పేగు నిండుగా ఉందా, ఖాళీగా ఉందా, ఒళ్ళు ఎర్రబారిందా అన్నది ఏం చేసినా అంతుబట్టలేదు. అంతా బూడిద రంగే. హెడ్ టార్చి పెట్టుకుంటే గానీ తేలలేదు. మేత ఎంత వెయ్యాలో ఆ పేగు చూసే కదా నిర్ణయించేది! 80కి తక్కువ సీఆర్ఐ ఉన్న లైటు ఈ పనికి వద్దు. చీరల షాపు పెట్టుకున్న వాళ్ళకీ ఇదే మాట చెప్తాను, మీరైతే 90 అడగండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆగస్టులో రెండు రోజులు వదలకుండా ముసురు పట్టింది. మా దగ్గర కాపలా ఉండే కుర్రాడు చెప్పుల్లేకుండా తడి గట్టు మీద నడుస్తూ, జారబోయి లైటు పైపు పట్టుకున్నాడు. జివ్వుమని లాగి అవతలికి పడ్డాడు. దేవుడి దయ, చెరువులో పడలేదు. మోచెయ్యి చెక్కుకుపోయింది, గంట సేపు వణుకుతూనే ఉన్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెడితే ఇనప పైపు మీదే వెలిగింది.

లైటు దింపి విప్పాం. అద్దం చుట్టూ రబ్బరు లేదు, బంకతో అతికించారు, అది ఓ మూల లేచిపోయింది. లోపల అడుగున నీళ్ళు. లైను కరెంటుని చిప్పులకి సరిపడేలా మార్చి ఇచ్చే డ్రైవర్ అనే డబ్బాయే లేదు. 230 ఓల్టుల లైను నేరుగా చిప్పులున్న అల్యూమినియం పలకకే ఇచ్చేశారు. పలకకీ బయటి బాడీకీ మధ్య ఉన్నది పల్చటి పూత. అది తడిసిందంటే కరెంటు బాడీకి, బాడీ నుంచి పైపుకి. ఎర్తు వైరు ఇవ్వలేదు కాబట్టి పోవడానికి వేరే దారి లేదు, మనిషి ఒంట్లోంచే పోవాలి.

ఐపీ 66 అని రాసి ఉందని చెప్పాను కదా. మొదటి 6 అంటే దుమ్ము అసలు లోపలికి పోకూడదు, రెండో 6 అంటే గట్టిగా నీళ్ళు కొట్టినా పాడవకూడదు. ఇక్కడ వాన నీళ్ళే నిలిచాయి. 50,000 గంటలంటే రాత్రికి 12 గంటల చొప్పున పదకొండేళ్ళు దాటాలి. ఆగస్టు ముసురుకి ముందే రెండు లైట్లు పోయాయి, కరెంటు నుంచి జనరేటర్‌కి మారిన ప్రతిసారీ మినుకుమినుకుమంటూ.

డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో ఒక నెంబరు కూడా ఉన్నాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నెంబరు కొట్టి చూస్తే అది వేరే సంస్థ పేరున, వేరే వస్తువుకి ఉంది. షాపులో నిలబడే రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు ఇది. ఫ్లడ్ లైటుకి (మనం ఫోకస్ లైటు అనేదానికి) ఐఎస్ 10322, ఇంట్లో బల్బుకి ఐఎస్ 16102 అనే ప్రమాణం నెంబరు కనబడాలి. నేను కొన్నాక చూశాను.

షాపాయన డబ్బు తిరిగివ్వనన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, కానీ నా చేతిలో ఉన్నది షాపు పేరు కూడా లేని చీటీ. మీరు కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు మీద వాట్స్, ల్యూమెన్లు, గ్యారంటీ ఎన్నాళ్ళో రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ షాపులో కొనకండి.

ఇప్పుడు ఆరుకి బదులు మూడే పెట్టాను, ఒక్కోటి దాదాపు నాలుగింతల ధర. విడిగా డ్రైవర్ ఉంది, ఆకుపచ్చ ఎర్తు వైరు ఉంది, 4 కేవీ సర్జ్ ప్రొటెక్షన్ (కరెంటు ఒక్కసారిగా ఎగిసినా తట్టుకునే రక్షణ) అని రాసి ఉంది. పది మెరుపులకి 1 నిమిషం 54 సెకన్లు వచ్చింది. చెరువు దగ్గరి మకాం బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, గట్టు మీద ఎర్తు గుంట తీయించాను. ఈ రెండూ మాత్రం లైటు ఎంత మంచిదైనా మానకండి. కుర్రాడు ఇప్పటికీ పైపు దగ్గరికి వెళ్ళేముందు టెస్టర్ పెట్టి చూసుకుంటున్నాడు, నేనూ వద్దనట్లేదు.

పాత ఆరు లైట్లూ మకాంలో గోనెసంచిలో ఉన్నాయి. నరసాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఎవరైనా ఈ రకం కొని ఉంటే వచ్చి చూసుకోవచ్చు, లోపల ఎలా ఉందో విప్పి చూపిస్తాను.