చలికాలపు ఆకాశానికీ పూలకీ స్నాప్‌సీడ్: చాలాకాలం వాడాక

కంటబడిన ఆకాశాన్నో, పూసిన కొమ్మనో ఫోన్‌తో తీసి నలుగురికీ పంపే అలవాటున్నవాళ్లకి ఫొటో దిద్దే యాప్ ఒక్కటి చాలు. ఆ ఒక్కటి స్నాప్‌సీడ్ అయితే మంచిదని నా అభిప్రాయం. నిక్ సాఫ్ట్‌వేర్ 2011లో దీన్ని ఐప్యాడ్ కోసం తెచ్చింది. 2012లో గూగుల్ ఆ కంపెనీని కొని, అదే ఏడాది చివర్లో ఆండ్రాయిడ్‌కి కూడా తెచ్చి ఉచితం చేసింది. ఇప్పటికీ ఉచితమే. సేవ్ చేసిన ఫొటో మూలన తన పేరు అచ్చు వేసుకోదు.

కాకపోతే ఈ యాప్‌లో చూడగానే ఆకట్టుకునే టూల్స్ వేరు, ఆకాశానికీ పూలకీ పనికొచ్చేవి వేరు. డ్రామా, హెచ్‌డీఆర్ స్కేప్ అనే ఫిల్టర్లు మొదటి రెండు రోజులు అద్భుతంగా అనిపిస్తాయి. తర్వాత మబ్బులన్నీ మసిబారినట్టు, చెట్ల చుట్టూ తెల్లటి అంచు గీసినట్టు ఉన్నాయని తెలిసొస్తుంది. నిజంగా ఎక్కువగా పని చేసేవి ట్యూన్ ఇమేజ్ (మొత్తం ఫొటో వెలుగునీ రంగునీ సర్దేది), సెలెక్టివ్ (ఒక్కచోటనే దిద్దేది), వైట్ బ్యాలెన్స్ (ఫొటో మీది నీలం, పసుపు ఛాయని సరిచేసేది), హీలింగ్ (అక్కర్లేనివి చెరిపేది). టూల్ తెరిచాక వేలిని పైకీ కిందికీ జరిపితే ఏది మార్చాలో ఎంచుకోవచ్చు, పక్కలకి జరిపితే ఎంత మార్చాలో అంకె మారుతుంది. ఐఫోన్‌లో 2025లో వచ్చిన 3.0తో రూపు చాలా మారింది. నేను చెప్పేవి పాత లేఅవుట్ ప్రకారం. కొత్తదాంట్లో బటన్ల చోటు వేరు కావచ్చు.

దిద్దడానికి ముందు తీయడం సరిగ్గా ఉండాలి. తెల్లగా కాలిపోయిన మబ్బులో వివరం ఏ యాప్‌తోనూ వెనక్కి రాదు. నీడలో పడ్డది మాత్రం కొంతవరకు తేలుతుంది. కాబట్టి ఆకాశం తీసేటప్పుడు అన్నిటికన్నా వెలుగున్న మబ్బు మీద వేలు కాసేపు అదిమి ఉంచి, ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా రావాలనేది) లాక్ అయ్యాక పక్కన కనిపించే సూర్యుడి గుర్తుని కొద్దిగా కిందికి లాగాలి. స్క్రీన్ మీద ఫొటో మరీ చీకటిగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. చలికాలంలో ఇంకో చిక్కు ఉంది. చలిలోంచి వెచ్చటి గదిలోకి వెళ్లగానే లెన్స్ మీద తేమ పడుతుంది. అప్పుడు తీసినవన్నీ పాలు కలిపినట్టు మసగ్గా వస్తాయి, ఎడిటింగ్‌లో దాన్ని పొగమంచు అనుకుని కాంట్రాస్ట్ (వెలుగుకీ చీకటికీ మధ్య తేడా) పెంచుతూ కూర్చుంటాం. బయట ఉన్నప్పుడే ఫోన్‌ని జిప్ కవర్‌లో పెట్టి, లోపలికి వచ్చాక అది గది వేడికి వచ్చేదాకా కవర్ తెరవకుండా ఉంటే ఆ తేమ కవర్ పైనే పడుతుంది. అలాగే చలికి బ్యాటరీ శాతం గబగబా పడిపోతుంది. ఫోన్ లోపలి జేబులో ఉంటే మేలు.

ఇక ఆకాశం. శీతాకాలంలో సూర్యుడు తక్కువ ఎత్తులోనే తిరుగుతాడు కాబట్టి ఏటవాలు వెలుగు చాలాసేపు ఉంటుంది. గాలి పొడిగా, శుభ్రంగా ఉన్న రోజున నీలం ముదురుగానే వస్తుంది. దానికి మనం కలిపేది దాదాపు ఏమీ ఉండదు. ట్యూన్ ఇమేజ్‌లో హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) మైనస్ 20 నుంచి మైనస్ 30, షాడోస్ (నీడలు) ప్లస్ 10, శాచురేషన్ (రంగు గాఢత) ప్లస్ 5 దాటకుండా పెడితే చాలు. యాంబియన్స్ అనే స్లైడర్ దగ్గర మాత్రం జాగ్రత్త. అది వెలుగునీ చీకటినీ ఒకదానికొకటి సర్దుతుంది, అందుకే మొదట్లో మాయలా ఉంటుంది. ప్లస్ 25 దాటిందంటే ఆకులు రాలిన కొమ్మల చుట్టూ ఆకాశం వెలవెలబోయి అంచు కడుతుంది. చలికాలపు ఫొటోల్లో మోడుగా ఉన్న సన్నటి కొమ్మలే ఎక్కువ కాబట్టి ఈ లోపం ఇక్కడ మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆకాశాన్ని విడిగా దిద్దడానికి సెలెక్టివ్ ఉంది. నీలం మీద ఒకచోట తాకితే చుక్క పడుతుంది. రెండు వేళ్లతో దగ్గరికీ దూరానికీ జరిపితే ఎంత మేర ప్రభావం పడుతుందో ఎర్రగా చూపిస్తుంది. ఆ వలయం లోపల కూడా చుక్క కింద ఉన్న రంగుకి దగ్గరగా ఉన్నవే మారతాయి, అడ్డొచ్చిన కొమ్మలు పెద్దగా మారవు. ఇలాంటి చుక్కలు ఒకేసారి 8 దాకా పెట్టుకోవచ్చు, ఆకాశానికి రెండు మూడు సరిపోతాయి. బ్రైట్‌నెస్ మైనస్ 15, స్ట్రక్చర్ (సన్నటి వివరాల పదును) మైనస్ 30. స్ట్రక్చర్‌ని తగ్గించమంటున్నాను, పెంచమని కాదు. చీకటి పడే వేళ తీసిన ఆకాశంలో ఉండే గరుకుని, అంటే నాయిస్‌ని, అది సర్దుతుంది. నాయిస్ తగ్గించడానికే ప్రత్యేకంగా టూల్ లేదు కాబట్టి దీనితోనే పని జరుపుకోవాలి.

అందరూ ఒకేలా అడిగే ప్రశ్న: ఫోన్‌లో నునుపుగా ఉన్న సాయంత్రపు ఆకాశం అవతలివాళ్లకి చేరేసరికి చారలు చారలుగా ఎందుకు మారుతుంది? జేపెగ్ ఫైల్లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. నారింజ నుంచి నీలానికి మెల్లగా మారే ఆకాశం అందులో కొన్నిటినే వాడుకుంటుంది. నలభై మెట్లు 3000 పిక్సెళ్ల ఎత్తున పరుచుకున్నాయనుకోండి, ఒక్కో మెట్టు 75 పిక్సెళ్ల పట్టీ అవుతుంది. కాంట్రాస్ట్ పెంచితే మెట్టుకీ మెట్టుకీ మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. మెసేజింగ్ యాప్ మళ్లీ కుదించేటప్పుడు మిగిలిన సన్నటి తేడాల్ని కూడా చెరిపేస్తుంది, అప్పుడు పట్టీలు బయటపడతాయి. దీనికి రెండే మందులు. ఒకటి, సాయంత్రపు ఆకాశం మీద కాంట్రాస్ట్, డ్రామా వాడకపోవడం. రెండోది, చివర్లో గ్రెయినీ ఫిల్మ్ అనే ఫిల్టర్ తెరిచి స్టైల్ బలాన్ని సున్నాకి తెచ్చి, గ్రెయిన్ 5 నుంచి 10 మధ్య పెట్టడం. ఆ సన్నటి ఇసుక మెట్ల అంచుల్ని చెదరగొడుతుంది. అయితే అంతకుముందు స్ట్రక్చర్ తగ్గించి నునుపు చేసి, మళ్లీ ఇసుక చల్లడం ఏమిటని అడగొచ్చు. కెమెరా వేసే నాయిస్ రంగు మచ్చలుగా ఉంటుంది, ఇది ఒకే తీరుగా ఉంటుంది. గట్టిగా కుదించే చోటికి పంపితే మాత్రం ఈ ఇసుక కూడా ముద్దగా మారుతుంది, కాబట్టి 10 దాటించకూడదు.

పొగమంచు, మంచు కప్పిన నేల వేరే లెక్క. కెమెరా ఏ దృశ్యాన్నైనా మధ్యస్థ బూడిద రంగుకి లాగుతుంది, అందుకే తెల్లటిది మురికిగా వస్తుంది. తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 పెట్టాలి. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ ముట్టుకోకుండా, కర్వ్స్‌లో (వెలుగునీ చీకటినీ ఒక గీతని వంచి సర్దే టూల్‌లో) ఎడమవైపు కింది కొసని మాత్రం కాస్త లోపలికి జరిపితే దగ్గరి చెట్టు నల్లబడి, దూరపు చెట్టు పొగలోనే ఉంటుంది. పొగమంచు ఫొటోలో చూడాల్సింది ఆ దూరమే.

పూల దగ్గర చాలామంది పొరపడేది ఎరుపు విషయంలో. ఎర్ర గులాబీ, మందారం తీస్తే రేకుల మడతలు పోయి ఒకే ఎర్రటి అట్టముక్కలా వస్తుంది. మొత్తం ఫొటో వెలుగు సరిగ్గానే ఉన్నా ఎరుపు చానల్ (ఫొటోలో ఎరుపుని నమోదు చేసే భాగం) ఒక్కటి నిండిపోవడం దీనికి కారణం. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 పెట్టి తీసి, తర్వాత సెలెక్టివ్‌తో రేకు మీద చుక్క పెట్టి శాచురేషన్ మైనస్ 10 నుంచి మైనస్ 15, స్ట్రక్చర్ ప్లస్ 15 ఇస్తే మడతలు తేలతాయి. రంగు తగ్గిస్తే పువ్వు పాలిపోతుందని భయం వద్దు. చుట్టూ ఉన్న ఆకుల మీద ఇంకో చుక్క పెట్టి బ్రైట్‌నెస్ మైనస్ 20 చేస్తే పువ్వు దానంతటదే వెలుగుతుంది. పసుపు బంతికీ, చామంతికీ ఇదే పద్ధతి, కాకపోతే వాటికి హైలైట్స్ తగ్గించడం ముఖ్యం. తెల్లపూలకి స్ట్రక్చర్ 10 కూడా ఎక్కువే. రేకు మీది నరాలు ముసలి చేతుల్లా ఉబికి వస్తాయి.

నీడలో తీసిన పూలు నీలంగా వస్తాయి. వైట్ బ్యాలెన్స్‌లో ఐడ్రాపర్‌ని (ఏ చోటి రంగుని బట్టి సరిచేయాలో చూపే గుర్తుని) బూడిద రంగు రాయి మీదో, ఎండిన మట్టి మీదో పెట్టి చూస్తే ఎంత తేడా ఉందో అర్థమవుతుంది. తర్వాత దాంట్లో సగం వెనక్కి తగ్గించుకోవాలి, లేకపోతే చలి ఉదయం కాస్తా మధ్యాహ్నంలా కనిపిస్తుంది. సూర్యాస్తమయం మీద మాత్రం ఆటో బటన్ నొక్కకూడదు. ఆ ఎరుపునే అది తప్పుగా లెక్కేసి తీసేస్తుంది. లెన్స్ బ్లర్‌తో వెనక భాగం మసకబార్చడం నాకు నచ్చదు. వలయం పువ్వు ఆకారానికి కుదరదు, కాడ సగంలో మాయమవుతుంది. దానికన్నా పువ్వుకి వెనక రెండు మూడు అడుగుల ఖాళీ ఉండేలా నిలబడి, 2ఎక్స్ లెన్స్ ఉంటే దానితో తీస్తే సరిపోతుంది. మరీ దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లు వాటంతటవే వెడల్పు లెన్స్‌కి మారిపోతాయి, పైగా ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది.

హీలింగ్ గురించి చెప్పాలంటే ఆకాశంలో కరెంటు తీగల గురించే చెప్పాలి. బ్రష్ సైజు మార్చే బటన్ ఇందులో లేదు, ఫొటోని ఎంత జూమ్ చేస్తే బ్రష్ అంత సన్నబడుతుంది. తీగ మొత్తం ఒకేసారి గీస్తే ఎక్కడిదో మబ్బు ముక్క తెచ్చి అతికిస్తుంది. బాగా జూమ్ చేసి, వేలి గోరంత ముక్కలుగా చెరుపుతూ వెళ్తే ఖాళీ ఆకాశంలో జాడ మిగలదు. తీగ కొమ్మని దాటే చోట ఎలాగూ అలుక్కుపోతుంది. అక్కడ తీగని వదిలేయడమో, ఫొటోని కత్తిరించడమో మంచిది. మార్పులన్నీ అయ్యాక వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్తే ఒక్కో అడుగు వరసగా కనిపిస్తుంది. చాలా అడుగుల్ని తెరిచి వాటి ప్రభావాన్ని బ్రష్‌తో కావాల్సిన చోటికే పరిమితం చేయొచ్చు. ఈ యాప్‌లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే, చాలామందికి ఇది ఉందనే తెలియదు.

పంపడం దగ్గరికొస్తే సెట్టింగ్స్‌లో రెండు చూసుకోవాలి. ఫార్మాట్ దగ్గర జేపెగ్ 95 శాతం సరిపోతుంది. 100 పెడితే ఫైల్ బరువు పెరుగుతుందే తప్ప కంటికి తేడా తెలియదు. సైజు దగ్గర, మెసేజింగ్ యాప్‌లకీ సోషల్ మీడియాకీ పంపేవాటికి 2000 పిక్సెళ్లు పెడతాను. వాళ్లు కుదించే లోపు మనమే కుదిస్తే పదును మన చేతిలో ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు వెడల్పు ఎలాగూ 1080 పిక్సెళ్లే. పెద్ద ఫైల్ పంపి ఉపయోగం లేదు. ఎర్రపువ్వు అంచులు పంపాక మరీ మసకబారడానికి కారణం కూడా ఈ కుదింపే. జేపెగ్ సాధారణంగా వెలుగు వివరాన్ని పూర్తిగా ఉంచి, రంగు వివరాన్ని అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గిస్తుంది. పచ్చ ఆకు పక్కన ఎర్ర రేకు ఉంటే వెలుగులో తేడా తక్కువ, రంగులోనే తేడా అంతా, అది కాస్తా పోతుంది. ఆకుల్ని చీకటి చేయమనడానికి ఇదీ ఒక కారణం.

అసలు ఫైలే పంపాలంటే డాక్యుమెంట్‌గా అటాచ్ చేయాలి. అప్పుడు తీసిన చోటు వివరాలు కూడా ఫైల్‌తో పాటే వెళ్తాయి. పెరట్లో పువ్వు ఫొటో అంటే ఇంటి అడ్రస్ పంపినట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసుకోవచ్చు. ఐఫోన్‌లో షేర్ నొక్కగానే పైన కనిపించే ఆప్షన్స్‌లో ఆ ఒక్క ఫొటోకి తీసేయొచ్చు.

ఒకే ఉదయం తీసిన ఇరవై ఫొటోల్ని ఒకేసారి దిద్దడం దీనితో కుదరదు, ఒక్కొక్కటీ తెరవాల్సిందే. ఒక ఫొటోకి చేసినదాన్ని లుక్‌గా దాచుకుని మిగతావాటికి వేయొచ్చు గానీ, సెలెక్టివ్ చుక్కలూ హీలింగ్ గీతలూ ఫొటోకో చోట ఉంటాయి కాబట్టి అవి లేకుండా ట్యూన్ ఇమేజ్, కర్వ్స్, గ్రెయిన్ వరకే లుక్‌లో ఉంచుకోవాలి. రోజుకి ఒకటో రెండో పంపేవాళ్లకి ఇది అడ్డు కాదు. ఒక్క నడకలో వంద తీసి అన్నీ ఆల్బమ్‌గా పెట్టేవాళ్లు మాత్రం కంప్యూటర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నయం.