తపాలా విమానాల జాడలో మూడు రోజులు

ముప్పయ్యేళ్లు ఆర్టీసీ డిపోలో డ్యూటీ చార్టులు వేసినవాణ్ణి. రిచ్‌మండ్‌లో ఉన్న అమ్మాయి వాషింగ్టన్ చూపిస్తానంటే, శ్వేతసౌధం ఒక పూట చాలు, మిగతాదంతా విమానాలకే అన్నాను.

బస రోస్లిన్ మెట్రో పక్కన. గది శుభ్రంగా ఉంది. ఉదయం ఫలహారం మాత్రం అట్టముక్క నమిలినట్టే. పన్నులతో కలిపి బిల్లు చూశాక ఆ అట్టముక్క మరీ గట్టిపడింది.

నేషనల్ మాల్ మైదానంలోని స్మిత్సోనియన్ విమాన మ్యూజియంకు టికెట్టు లేదు కానీ, ప్రవేశ సమయం ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. పొద్దున్నే వెళ్లడం మేలు, పదకొండుకల్లా బడిపిల్లలతో నిండిపోయింది. ఫోర్డ్ ట్రైమోటార్ అనే పాత ప్రయాణికుల విమానం ఒళ్లంతా ముడతల రేకే, అచ్చం ధాన్యం గోదాము కప్పు. పైన వేలాడుతున్న డీసీ-3 మనకు కొత్తది కాదు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపిన డకోటాలు ఈ జాతివే.

1930లో ఎలెన్ చర్చ్ అనే నర్సుతో మొదలైన విమాన పరిచారికల ఉద్యోగం గురించి మా ఆవిడకు చెప్పాను. నర్సు అయి ఉండాలి, పాతికేళ్లు దాటకూడదు, పెళ్లి కాకూడదు.

"పెళ్లయితే?"

"ఉద్యోగం పోయేది."

"మీ డిపోలో ఈ రూలు పెట్టి ఉంటే కండక్టర్లు ఊరుకునేవారా?" అంది.

రెండో రోజు షాంటిలీ, అదే మ్యూజియం రెండో శాఖ. ప్రవేశం ఉచితం, పార్కింగుకు 15 డాలర్లు. కాంకార్డ్ ఉంది, నడక ఎక్కువ, కాళ్లనొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి.

నాకు నచ్చింది మూడోది, కాలేజ్ పార్క్ విమానాశ్రయం పక్కనున్న మ్యూజియం. మెట్రో గ్రీన్ లైన్ దిగి నడిచి వెళ్లవచ్చు. టికెట్టు స్వల్పం, జనం లేరు. 1909 నుంచి ఆగకుండా నడుస్తున్న విమానాశ్రయం ఇది. 1918 ఆగస్టులో తపాలా శాఖ తన సొంత పైలట్లతో న్యూయార్క్ ఉత్తరాలు మోయించడం మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. ఆ శాఖ విమానాలు నడిపిన తొమ్మిదేళ్లలో 30 మందికి పైగా పైలట్లు చనిపోయారు. 1919 జూలైలో న్యూయార్క్ వైపు పొగమంచు కమ్మితే ఎగరబోమన్న ఇద్దరు పైలట్లను తీసేశారు, మిగతావాళ్లు సమ్మెకు దిగారు. చివరికి కుదిరిన ఒప్పందం చూడండి: పైలట్ వద్దంటే అక్కడి మేనేజరే ఎగిరి వాతావరణం చూసి రావాలి, ఎగరడం రాకపోతే తపాలా సంచులు పెట్టే చోట కూర్చుని వెళ్లాలి! బ్రేకులు సరిగా లేవని డ్రైవరు అంటే మా డిపో మేనేజరును ముందు సీటులో కూర్చోబెట్టినట్టు. పైలట్ నెలకు 85 గంటలకు మించి విమానం నడపకూడదన్న కట్టుబాటు 1934లో గానీ రాలేదు. 1938 చట్టం దాన్ని విమాన కంపెనీలు పాటించి తీరాలంది.

మేం కంచె దగ్గర నిలబడేసరికి మబ్బు కిందికి దిగింది. ఒక చిన్న విమానం రన్‌వే చివరిదాకా వెళ్లి, కాసేపు ఆగి, వెనక్కి తిరిగి షెడ్డుకు వచ్చేసింది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు.