స్ట్రోలర్‌కు లొంగని ఊరు: పసిపిల్లలతో వెనిస్

పసిపిల్లలను వెంటబెట్టుకొని ఇటలీలోని వెనిస్‌కు వెళ్లవచ్చునా అని ఎవరైనా అడిగితే, నిస్సందేహంగా వెళ్లవచ్చునని, పిల్లలను కూర్చోబెట్టి తోసుకువెళ్లే స్ట్రోలర్‌ను మాత్రం నమ్ముకోవద్దని చెబుతాను. మూడేళ్ల కొడుకుతో, ఏడాదిన్నర కూతురితో మే నెలలో ఆరు రోజులు అక్కడ గడిపి వచ్చాము. ఆ ఊరి చిత్రకళను గురించి, చర్చిల గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు కాబట్టి, పెద్దల మోకాలి ఎత్తున్న మనిషికి వెనిస్ ఎలా ఉంటుంది, ఆ మనిషిని మోస్తూ తిరిగే తల్లిదండ్రులకు ఎలా ఉంటుంది అన్నంతవరకే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

ముందుగా వంతెనల సంగతి. వందకు పైగా చిన్న చిన్న దీవులను నాలుగు వందలకు మించిన వంతెనలతో కలిపి కుట్టిన ఊరు ఇది, ఆ వంతెనలలో చాలా భాగానికి ఉన్నవి మెట్లే. సాంటా లూచియా రైల్వే స్టేషన్ నుంచి బయటికి రాగానే ఎదురుగా గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువ, ఎడమ పక్కన స్కాల్జీ వంతెన కనిపిస్తాయి. ఆ క్షణంలో కలిగే ఆనందం, రెండు సూట్‌కేసులతో, ఒక స్ట్రోలర్‌తో ఆ మెట్లు ఎక్కాలని తెలియగానే సగమవుతుంది. విచిత్రమేమిటంటే నేల మాత్రం చక్కగా ఉంటుంది. యూరప్‌లోని చాలా పాత నగరాలలో కనిపించే గుండ్రాళ్ల బాటలు ఇక్కడ లేవు. మాసెన్యీ అని పిలిచే వెడల్పాటి ట్రాకైట్ రాతి పలకలు పరచి ఉంటాయి, వాటి మీద చక్రాలు హాయిగా జారిపోతాయి. సరిగ్గా మనకు ధైర్యం వచ్చేసరికి మరో వంతెన ఎదురవుతుంది. నేను హ్యాండిల్, మా వారు ముందు చక్రాలు పట్టుకొని పైకెత్తడం, దిగగానే మళ్లీ బెల్టు సరిచూడడం, ఈలోగా పెద్దవాడు తాను కూడా లోపల కూర్చుంటానని మారాం చేయడం, ఇలా మ్యాపు పది నిమిషాలని చూపిన దూరానికి మాకు నలభై నిమిషాలు పట్టింది. అక్టోబరులో జరిగే మారథాన్ పరుగు కోసం నీటి అంచున ఉన్న కొన్ని వంతెనలకు ర్యాంపులు అమరుస్తారు, వాటిని ఆ తరువాత కూడా కొన్ని నెలలు ఉంచుతారు. మేము వెళ్లిన కాలానికి ఆ సౌకర్యం లేదు.

మూడో రోజు నుంచి స్ట్రోలర్‌ను బసలోనే వదిలేసి, చిన్నదానిని వీపుకు కట్టుకొనే బేబీ క్యారియర్‌లో వేసుకొని తిరిగాము. అక్కడి నుంచే మా ప్రయాణం అసలు మొదలైందని చెప్పాలి. బస గురించి ఒక్క మాట: కుటుంబాలకు ఎంతో అనువైనదని ప్రకటనలో రాసిన ఆ అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, ఇస్తామన్న పసిపిల్లల మంచం రెండో రాత్రికి గాని రాలేదు. బుక్ చేసుకొనే ముందే ఎన్ని మెట్లున్నాయో, సమీపంలోని పడవ రేవు నుంచి మధ్యలో ఎన్ని వంతెనలు దాటాలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

వెనిస్‌లో కార్లు, మోటార్‌సైకిళ్లు ఉండవు కాబట్టి పిల్లలను స్వేచ్ఛగా వదలవచ్చునని చాలామంది అంటారు. ఇది సగమే నిజం. కాలువ పక్కనే సాగే బాటలను ఫొందమెంతా అంటారు. వాటిలో అనేకచోట్ల పిట్టగోడ గాని, కమ్మీ గాని ఉండదు, రాయి ముగిసినచోట నీరు మొదలవుతుంది, అంతే. కన్నరేజో పేటలోని కియోదో వంతెనకైతే అసలు పిట్టగోడలే లేవు. పూర్వం ఊళ్లోని వంతెనలు అలాగే ఉండేవట! ఆ వంతెన ఫొటోలో ఎంత అందంగా ఉంటుందో, పరుగు నేర్చిన పిల్లవాడిని పట్టుకొని దాని ముందు నిలబడినప్పుడు అంత గుండె దడ పుట్టిస్తుంది. మేము పెట్టుకొన్న నియమం ఒక్కటే: నీళ్లు కనిపిస్తే చెయ్యి పట్టుకోవాలి, కాంపో అనే చౌకులోకి వస్తే వదిలేస్తాము. మూడేళ్లవాడికి ఇది రెండు రోజులలో అలవాటైంది. చిన్నదానికి నియమాలతో పని లేదు కాబట్టి నీటి పక్కన దానిని క్యారియర్ నుంచి దింపలేదు.

ఆ కాంపోల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలున్నవారికి వెనిస్‌లో దొరికే అసలు సంపద అవే. పియాజ్జా అనే పేరు సాన్ మార్కో చౌకుకు మాత్రమే దక్కింది. తక్కిన చౌకులను కాంపో అంటారు, అంటే పొలం అని అర్థం. చాలా కాంపోల నడుమ మూత వేసిన పాత రాతి బావి ఒకటి కనిపిస్తుంది. చుట్టూ ఉప్పునీరే కాబట్టి వాననీటిని ఇసుక పొరల గుండా వడగట్టి ఆ బావులలో నిలువ చేసుకొనేవారు. 1884లో ప్రధాన భూభాగం నుంచి గొట్టాల ద్వారా నీరు వచ్చేదాకా ఊరి దాహం తీర్చినవి అవే. సాన్ జాకొమో దెల్లోరియో కాంపోలో చెట్లు, బెంచీలు ఉన్నాయి, సాయంత్రం బడి వదిలాక స్థానిక పిల్లలు అక్కడ బంతి ఆడుతారు. మా అమ్మాయి ఒక చేతిని బావి రాతికి ఆనించి, దాని చుట్టూ నడవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క చుట్టు పూర్తికాగానే ఆగి, రాతిలో ఉన్న ఒకే గుంటలో వేలు పెట్టి చూసుకొని, మళ్లీ బయలుదేరేది. పదకొండు చుట్లు నేను లెక్కపెట్టాను. ఆ సమయంలో మేమిద్దరం బెంచీ మీద కూర్చొని వేడి కాఫీ తాగగలిగాము. పసిపిల్లల తల్లిదండ్రులకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక పడవలు. వాపొరెట్టో అనే నీటి బస్సులో ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్టు అవసరం లేదు. పెద్దలకు 75 నిమిషాల టికెట్టు 9.50 యూరోలు కాబట్టి, రోజుల లెక్కన ఇచ్చే పాస్ తీసుకోకపోతే జేబు త్వరగా ఖాళీ అవుతుంది. ఒకటో నంబరు పడవ గ్రాండ్ కెనాల్ పొడవునా దాదాపు ప్రతి రేవులోనూ ఆగుతూ నెమ్మదిగా సాగుతుంది. తొందరలో ఉన్నవారికి అది విసుగు, మాకు మాత్రం అదే వరం. ప్రతి రేవులోనూ పడవ ఉద్యోగి తాడును స్తంభానికి రెండు మెలికలుగా చుట్టి, బిగించి, కమ్మీ జరిపి, మళ్లీ విప్పుతాడు. పెద్దవాడు ఆ మెలికలను కళ్లార్పకుండా చూశాడు, బసకు వచ్చాక తువ్వాలుతో కుర్చీ కాలికి వేశాడు, ఆ తరువాత ఎవరు గదిలోకి రావాలన్నా అతడు కమ్మీ జరిపేదాకా ఆగవలసి వచ్చింది. ఉదయం పది దాటిన తరువాత పడవలు కిక్కిరిసిపోతాయి, నిలబడడానికి చోటు దొరకడమే కష్టం. కాబట్టి పొద్దున్నే ఎక్కండి.

గొండోలా పగటిపూట అరగంటకు 90 యూరోలు. ఆ ధర మనుషుల లెక్కన కాక పడవ లెక్కన ఉంటుంది గనుక ఐదుగురు ఉంటే గిట్టుబాటు కావచ్చు. మేము ఎక్కలేదు, ఎక్కనందుకు విచారమూ లేదు. పసిపిల్లలకు గొండోలాకు, మామూలు పడవకు తేడా తెలియదు. గ్రాండ్ కెనాల్‌ను అడ్డంగా దాటించే త్రగెత్తో అనే గొండోలాలో మనిషికి రెండు యూరోలకే ఆ ముచ్చట తీరుతుంది. అది బాగా ఊగుతుంది, కాబట్టి పిల్లలను గట్టిగా పట్టుకోవాలి.

మా పెద్దవాడి దృష్టిలో వెనిస్‌లోని మహాద్భుతం చెత్త పడవ. ఉదయం పనివారు చిన్న ఇనుప బండ్లను ఇరుకు సందులలో నెట్టుకొంటూ ఇంటింటి చెత్త తీసుకొని కాలువ ఒడ్డుకు చేరుస్తారు. అక్కడ ఆగి ఉన్న పడవ మీది క్రేను ఒక్కొక్క బండిని గాలిలోకి ఎత్తుతుంది, బండి అడుగు తెరుచుకొని చెత్త పడవలోకి జారుతుంది, ఖాళీ బండి గణగణమంటూ మళ్లీ రాతి మీదికి దిగుతుంది. నాలుగు ఉదయాలు వరసగా, ఇంకా పళ్లైనా తోముకోకుండా, కిందికి దిగి దీనినే చూశాము. అంబులెన్సు పడవ, పోలీసు పడవ, అగ్నిమాపక పడవ, ఇసుక మోసే పడవ అన్నీ ఇదే కాలువలలో తిరుగుతాయి. పైసా ఖర్చు లేని ఈ వినోదం ముందు నేను జాగ్రత్తగా రాసుకొన్న దర్శనీయ స్థలాల పట్టిక వెలవెలబోయింది.

ఆ పట్టికలో నిలిచినవి కొన్నే. సాన్ మార్కో చౌకుకు ఉదయం ఎనిమిదికి ముందే వెళ్తే పిల్లలు పరుగెత్తడానికి చోటుంటుంది. పావురాలకు మేత వేయడాన్ని 2008 నుంచి నిషేధించారు కాబట్టి వాటిని తరమడంతోనే సరిపెట్టుకోవాలి. అక్కడి గంటల స్తంభం 1902లో కుప్పకూలగా 1912 నాటికి అదే రూపంలో తిరిగి కట్టారు. దాదాపు 99 మీటర్ల ఎత్తున్న ఆ స్తంభంలో లిఫ్టు ఉండడం మా వంటివారికి పెద్ద ఊరట. అయితే పైన నెత్తి మీదే గంటలు మోగుతాయి, ఆ మోతకు మా చిన్నది భయపడి కిందికి వచ్చేదాకా ఏడ్చింది. పూర్వం వెనిస్‌ను ఏలిన దోజ్‌ల రాజభవనానికి వెళ్లడం మా తప్పు. మెట్లు, చీకటి గదులు, ముట్టుకోకూడని వస్తువులు, అన్నీ కలిసి గంటలోపే మమ్మల్ని బయటికి తరిమాయి. దానికి బదులు, గ్రాండ్ కెనాల్ ఒడ్డున పాత తుర్కీ వర్తకుల సత్రంలో నడుస్తున్న ప్రకృతి చరిత్ర మ్యూజియంకు వెళ్లండి. 1973లో సహారా ఎడారిలో జరిపిన తవ్వకాల నుంచి తెచ్చిన ఊరానోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం అక్కడ ఉంది. మా పిల్లలిద్దరూ దాని ముందు కూర్చొని బిస్కెట్లు అడగడం కూడా మరిచిపోయారు.

తిండికి ఇబ్బంది పడలేదు. రాత్రి భోజనం చాలాచోట్ల ఏడు దాటితే గాని మొదలవదు, ఆ వేళకు పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. కాబట్టి మధ్యాహ్నమే కడుపునిండా తినిపించి, సాయంత్రానికి సూపర్‌మార్కెట్ పెరుగు, పండ్లు, రొట్టెతో సరిపెట్టాము. మెనూలో లేకపోయినా పాస్తా ఇన్ బియాంకో అని అడిగితే వెన్న వేసిన తెల్ల పాస్తా ఇస్తారు, కారం తినని పిల్లలకు అది చక్కగా సరిపోతుంది. డైపర్ మార్చే బల్లలు మాత్రం చిన్న హోటళ్లలో దాదాపు కనిపించవు. మడత పెట్టే చాప ఒకటి వెంట ఉండాలి.

ఒక పూట బురానో దీవికి వెళ్లాము. రంగురంగుల ఇళ్లు బాగానే ఉన్నాయి గాని, రానుపోను పడవలో గడిచిన సమయానికి ఇద్దరు పిల్లలతో అది తగిన ప్రతిఫలమని చెప్పలేను. ఊరి తూర్పు కొసన ఉన్న సాంటెలెనా పార్కు అంతకంటే మేలు. అక్కడ ఉయ్యాలలు, నీడ, గడ్డి ఉన్నాయి, పర్యాటకులు చాలా తక్కువ. ఈసారి వెళ్తే బస ఆ చుట్టుపక్కలే తీసుకొంటాము. 2024 నుంచి కొన్ని నిర్ణీత రోజులలో పగటిపూట మాత్రమే వచ్చిపోయేవారు ప్రవేశ రుసుము కట్టాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు అది లేదు, రాత్రి బస చేసేవారికీ మినహాయింపు ఉంది. పిల్లలతో ఒక్కరోజులో చూసి వచ్చేయాలనుకొనేవారికి రుసుము కంటే అలసటే ఎక్కువ భారమవుతుంది.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. తగ్గించిన ఒక మార్కూ పిట్టగోడలు లేని ఆ బాటలకు చెందుతుంది. వచ్చేసే రోజు ఉదయం, మెట్ల కింద మూడో రోజు నుంచి పడి ఉన్న స్ట్రోలర్‌ను మా వారు దుమ్ము దులుపుతూ ఉంటే, పెద్దవాడు దానిని, బయట కాలువలో ఆగి ఉన్న చెత్త పడవను మార్చి మార్చి చూసి, "నాన్నా, ఇది కూడా క్రేనుకు ఇచ్చేద్దామా?" అని అడిగాడు.